ఎర్ర బటన్ ఒక్కసారే!

రెడ్‌మండ్‌లో మనవాళ్లు కలిస్తే మాట్లాడుకునేవి మామూలుగా మూడే: వీసా, స్కూలు, ఇంటి ధర. ఇంటి కింద ఉండే ఫర్నేస్ గురించి ఎవరూ మాట్లాడరు. నేనూ మాట్లాడేవాణ్ని కాదు. 2024 నవంబరులో తుపాను వచ్చిన వారం నుంచి మాట్లాడుతున్నాను. ఆ వారం మా నాన్న ఇక్కడ లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మేముండేది ఎడ్యుకేషన్ హిల్ వైపు, పాత ఇల్లు. చుట్టుపక్కల కొత్త ఇళ్లన్నిటికీ గ్యాస్ ఫర్నేసో, హీట్ పంపో ఉంటుంది. మాది ఆయిల్ ఫర్నేస్. కొన్నప్పుడు ఇన్‌స్పెక్టర్ "పాతదే కానీ పనిచేస్తుంది" అని రాశాడు. మనకు కావాల్సింది ఆ రెండో మాటే కాబట్టి మొదటిది మర్చిపోయాం. ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించాలని కూడా మర్చిపోయాం.

నవంబరు 19, మంగళవారం రాత్రి గాలి మొదలైంది. ఇక్కడి టీవీలు దాన్ని 'బాంబ్ సైక్లోన్' అన్నాయి. మన తూర్పు తీరం వాళ్లకు తుపాను కొత్త కాదు గానీ, ఇక్కడ అది నూరడుగుల దేవదారు చెట్లను కరెంటు తీగల మీద పడేస్తుంది. పశ్చిమ వాషింగ్టన్‌లో ఐదు లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. మాకు పోయిన కరెంటు శుక్రవారం రాత్రి దాకా రాలేదు.

ఆయిల్ ఫర్నేస్‌కు కరెంటుతో పనేమిటని మా ఆవిడ అడిగింది. పని ఉంది. మోటారు, పంపు, నిప్పురవ్వ, ఇంట్లోకి వేడిగాలి పంపే బ్లోయరు, అన్నీ కరెంటుతోనే నడుస్తాయి. ట్యాంకు నిండా నూనె ఉన్నా కరెంటు లేకపోతే అది ఇనుప పెట్టే.

కుంపటి పెట్టుకుందామా?

రెండో రోజుకి ఇంట్లో 52 డిగ్రీలకు పడిపోయింది. అంటే మన లెక్కలో 11. అమ్మ రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని "ఆ వెనకాల బొగ్గుల పొయ్యి ఉందిగా, లోపల పెట్టుకుంటే కాస్త వెచ్చగా ఉండదూ? మన ఊళ్లో కుంపటి పెట్టుకునేవాళ్లం" అంది. బార్బెక్యూ గ్రిల్ గురించి. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో కూడా ఒకరు అదే అడిగారు.

వద్దని గట్టిగా చెప్పాం. దానికి ఇక్కడ ఒక చేదు చరిత్ర ఉంది. 2006 డిసెంబరు 14, 15 తేదీల్లో వచ్చిన గాలివానకు ఈ ప్రాంతమంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. చలి తట్టుకోలేక ఇళ్లలో బొగ్గులు రాజేసుకున్నవారు, గ్యారేజీలో జెనరేటర్ నడిపినవారు కార్బన్ మోనాక్సైడ్ బారిన పడ్డారు. రాష్ట్రంలో 8 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. బాధితుల్లో చాలామంది మనలాగే వేరే దేశాల నుంచి వచ్చినవారు. మన ఊళ్లో కుంపటి పెట్టుకునే ఇంటికి కిటికీ సందులుంటాయి, తలుపు కింద జానెడు ఖాళీ ఉంటుంది. ఇక్కడి ఇంటికి గాలి దూరే సందు ఉండదు. కుంపటి అదే, ఇల్లు వేరు. ఆ విషాదం తర్వాతే 2009లో వాషింగ్టన్ రాష్ట్రం ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

అమ్మకు ఇదంతా చెబితే "అయ్యో, పిల్లలతోనా" అని ఊరుకుంది. అందరం ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం.

కరెంటు వచ్చింది, మంట రాలేదు

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి లైట్లు వెలిగాయి. పిల్లలు కేకలు పెట్టారు. కింద బేస్‌మెంట్‌లో ఫర్నేస్ మోటారు గుర్రుమంది. ముప్పావు నిమిషం తిరిగి ఆగిపోయింది. కిందికి వెళ్లి చూశాను. బర్నర్ మీద బూడిదరంగు డబ్బా, దాని మీద చిన్న ఎర్ర బటన్. పక్కన 'రీసెట్' అని ఉంది.

సాఫ్ట్‌వేర్ వాడికి రీసెట్ అని రాసి ఉన్న బటన్ కనిపిస్తే ఏం చేస్తాడు? నొక్కాను. మోటారు తిరిగింది, ఆగింది. నాలుగైదు నిమిషాలు ఆగి మళ్లీ నొక్కాను. తిరిగింది, ఆగింది. పైన పిల్లలు చలికి వణుకుతున్నారు. మూడోసారి నొక్కబోతుంటే మెట్ల మీద నుంచి నాన్న గొంతు వినిపించింది.

"ఆగరా! ఎన్నిసార్లు నొక్కావు? పర్జ్ చేశావా?"

మా నాన్న పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో బాయిలర్ ఆపరేటర్‌గా రిటైరయ్యారు. మేం కేటీపీఎస్ క్వార్టర్స్‌లోనే పెరిగాం. ఆ గొంతు నాకు తెలుసు. ఇంట్లో మాట్లాడే గొంతు కాదది, కంట్రోల్ రూం గొంతు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నాన్న మెట్ల దగ్గరున్న ఎర్ర ప్లేటు స్విచ్ ఆపేశారు. ట్యాంకు నుంచి వచ్చే రాగి గొట్టం వెంట చేత్తో తడుముకుంటూ వచ్చి ఫిల్టర్ దగ్గర వాల్వు కట్టేశారు. ఇంతకుముందు ఎప్పుడూ ఈ ఫర్నేస్ చూడలేదు. అయినా ఏది ఎక్కడ ఉండాలో తెలిసినట్టే చేశారు. తర్వాత నా వైపు తిరిగి "నిప్పు అంటుకోలేదంటే నూనె ఎక్కడికి పోయింది?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఒక గదిలో ఎలక్ట్రిక్ హీటరు నేరుగా గోడ సాకెట్‌కే పెట్టి, దాని ముందు కూర్చుని ఆ జవాబు నేర్చుకున్నాను.

నూనె మంట ఎలా పుడుతుంది

ఇంట్లో వాడే హీటింగ్ ఆయిల్ దాదాపు డీజిలే. పన్ను లెక్క వేరు కాబట్టి ఎర్ర రంగు కలుపుతారు. ఒక గాలన్‌లో సుమారు 1,38,000 బీటీయూల వేడి ఉంటుంది. కానీ గిన్నెలో డీజిల్ పోసి అగ్గిపుల్ల వేస్తే చప్పున అంటుకోదు. దాన్ని పొగమంచులా చిమ్మాలి, సరిపడా గాలి కలపాలి, నిప్పురవ్వ చూపాలి. బర్నర్ చేసే పనంతా ఇదే.

గదిలో థర్మోస్టాట్ "వేడి కావాలి" అనగానే బర్నర్ కంట్రోల్‌కు 24 వోల్టుల సంకేతం వెళుతుంది. కంట్రోల్ ముందు ఒక సంగతి చూసుకుంటుంది: లోపల ఇప్పటికే మంటగానీ వెలుతురుగానీ ఉందా? ఉంటే మొదలుపెట్టదు. మంట ఉండకూడని చోట ఉందంటే ఏదో తేడా ఉన్నట్టే.

లోపల చీకటిగా ఉంటే మోటారు మొదలవుతుంది. ఫ్యానును, నూనె పంపును ఒకే మోటారు తిప్పుతుంది. పంపు నూనెను 100 నుంచి 140 పీఎస్ఐ ఒత్తిడితో నాజిల్‌కు తోస్తుంది. నాజిల్ రంధ్రం కంటికి ఆనదు. అందులోంచి నూనె తుంపరగా బయటికి వస్తుంది. అదే సమయంలో 10,000 వోల్టులకు తక్కువ కాని కరెంటు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య నిప్పురవ్వ దూకిస్తుంది. ఫ్యాను గాలి ఆ రవ్వను తుంపర వైపు వంచుతుంది. మంట అంటుకుంటుంది.

కొత్త రకం కంట్రోళ్లలో ఇంకో మంచి అలవాటు ఉంది. నూనె వదలడానికి ముందు పది, పదిహేను సెకన్లు ఉత్త గాలే ఊదుతాయి. లోపల మిగిలిన ఆవిరి ఏదన్నా ఉంటే పొగగొట్టంలోకి పోతుంది. నాన్న అడిగిన పర్జ్ ఇదే.

"మాకు పదిహేను సెకన్లు కాదురా, ఐదు నిమిషాలు" అన్నారు నాన్న. పవర్ స్టేషన్ బాయిలర్ బొగ్గుతో నడిచినా, వెలిగించేది నూనెతోనే. ఆయిల్ గన్నులు పెట్టి ముందు నూనె మంట నిలబెట్టి, కొలిమి వేడెక్కాక బొగ్గు పొడి వదులుతారు. అంతకుముందు ఐడీ ఫ్యాన్లు, ఎఫ్‌డీ ఫ్యాన్లు తిప్పి ఐదు నిమిషాలు కొలిమి అంతా గాలితో కడగాలి. పర్జ్ పూర్తయిందని సిగ్నల్ రాకపోతే ఒక్క చుక్క నూనె వదలడానికి వీల్లేదు. ఎంత పెద్ద ఇంజినీరు వచ్చి తొందరపెట్టినా సరే.

మంటను చూసే కన్ను

మంట అంటుకుందని బర్నర్‌కు ఎలా తెలుస్తుంది? దానికో కన్ను ఉంది. క్యాడ్ సెల్ అంటారు. వేలిగోరంత ఉండే క్యాడ్మియం సల్ఫైడ్ బిళ్ల. చీకట్లో దాని నిరోధం వేల, లక్షల ఓములు. మంట వెలుగు పడితే వెయ్యి, పదిహేను వందల ఓములకు పడిపోతుంది. కంట్రోల్ ఆ తేడా చూసి మంట ఉందో లేదో తేల్చుకుంటుంది.

కన్నుకు మంట కనపడకపోతే కంట్రోల్ గడియారం చూస్తుంది. కొత్త వాటిలో 15 సెకన్లు, మాలాంటి పాతవాటిలో 45 సెకన్లు. ఆ గడువులో వెలుగు రాకపోతే అన్నీ ఆపేసి, ఎర్ర బటన్ బయటికి నెట్టి కూర్చుంటుంది. దీన్ని లాకౌట్ అంటారు. మనిషి వచ్చి చూసేదాకా మళ్లీ మొదలుపెట్టదు.

మధ్యలో మంట ఆరిపోయినా ఇంతే. నూనె ఆపేస్తుంది. మళ్లీ వెలిగించి చూస్తుంది, కుదరకపోతే లాకౌట్.

అంటే ఆ ఎర్ర బటన్ చెడిపోయిన గుర్తు కాదు. యంత్రం తన పని సరిగ్గా చేసిందనడానికి గుర్తు. ఏదో తేడా ఉంది, నాకు అర్థం కావడం లేదు, నువ్వు చూడు అని అది మనల్ని పిలుస్తోంది. నేను ఆ పిలుపు విని, ఏం చూడకుండా, మళ్లీ పనిచెయ్యమన్నాను.

నా లెక్క మరునాడు కాగితం మీద వేసుకున్నాను. మా నాజిల్ గంటకు 0.75 గాలన్లు చిమ్ముతుంది. సెకనుకు 0.79 మిల్లీలీటర్లు. 45 సెకన్లకు 35 మిల్లీలీటర్లకు పైన. కరెంటు రాగానే అది తనంతట తాను చేసిన ప్రయత్నం ఒకటి, నేను నొక్కినవి రెండు. మొత్తం వంద మిల్లీలీటర్లు దాటింది. ఇరానీ చాయ్ కప్పు నిండా డీజిల్ మండకుండా కొలిమి అడుగున చేరింది. మూడోసారో నాలుగోసారో రవ్వ పడి ఉంటే ఆ కప్పంతా ఒకేసారి అంటుకునేది. దాన్ని ఇక్కడ 'పఫ్‌బ్యాక్' అంటారు. తక్కువలో పోతే ఇల్లంతా మసి. ఎక్కువైతే పొగగొట్టం ఊడిపోయి, మంటా విషవాయువూ బేస్‌మెంట్‌లోకి వస్తాయి. పిల్లలు ఆ బేస్‌మెంట్‌కు సరిగ్గా పైగదిలో ఉన్నారు.

ఆపడం కూడా ఒక పనే

వెలిగించడం గురించి అందరికీ ఆసక్తే. నాన్న ఎక్కువ చెప్పింది ఆపడం గురించి.

గది వెచ్చబడగానే థర్మోస్టాట్ చాలంటుంది. ముందు ఆగాల్సింది నూనె. అదీ ఠక్కున ఆగాలి. వాల్వు నెమ్మదిగా మూసుకుంటే చివరి చుక్కలు సరిగ్గా మండక మసి అవుతాయి, నాజిల్ పూడుకుపోతుంది. మంచి కంట్రోల్ అయితే నూనె ఆపాక కూడా ఫ్యాను కాసేపు తిప్పి మిగిలిన పొగను బయటికి నెడుతుంది. ఇంట్లోకి గాలి పంపే బ్లోయరు చివరిదాకా తిరుగుతుంది. కొలిమి రేకులో మిగిలిన వేడిని గదుల్లోకి తెచ్చి, రేకు చల్లబడ్డాకే ఆగుతుంది. అందుకే మంట ఆరినా రెండు నిమిషాలు వెచ్చటి గాలి వస్తూ ఉంటుంది.

ఇది మామూలు ఆట. తేడా వస్తే ఆపేవి వేరే ఉన్నాయి. బ్లోయరు ఆగిపోయో, ఫిల్టరు దుమ్ము పట్టో కొలిమి మరీ వేడెక్కితే, సుమారు 200 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర లిమిట్ స్విచ్ బర్నర్‌ను ఆపుతుంది. బర్నర్ దగ్గరే మంట లేస్తే, నూనె గొట్టం మీది వాల్వులో ఉండే లోహపు ముక్క 165 డిగ్రీల దగ్గర కరిగి, స్ప్రింగు నూనెను కట్టేస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు. చివరగా మెట్ల దగ్గర ఎర్ర ప్లేటు స్విచ్. మంట దగ్గరికి వెళ్లకుండానే ఆపేందుకు దాన్ని అక్కడ పెడతారు.

నేను రోజూ ఆఫీసులో రాసేది ఇలాంటివే. సర్వర్ జవాబివ్వకపోతే ఇన్ని సెకన్లు ఆగు, ఇన్నిసార్లు ప్రయత్నించు, తర్వాత ఆపేసి మనిషిని లేపు. హద్దు లేకుండా ప్రయత్నిస్తూనే ఉండే ప్రోగ్రాం రాస్తే నా జూనియర్‌ను నేనే మందలిస్తాను. ఇంట్లో మాత్రం ఆ హద్దు లేని ప్రోగ్రాం నేనే అయ్యాను.

రెండు బాయిలర్ల మనుషులు

శనివారం మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చాడు. నేను ఎన్నిసార్లు నొక్కానో ముందే చెప్పేశాను. మీరూ చెప్పండి. మొహమాటపడి దాస్తే ప్రమాదం అతనికి. కొలిమి తెరిచి నూనె తుడిచి తీశాడు. జబ్బు వెంటనే దొరికింది. ఎలక్ట్రోడ్ చుట్టూ ఉండే పింగాణీ గొట్టం చిట్లి, రవ్వ తుంపర దగ్గరికి రాకుండా పక్కకు పోతోంది. బహుశా ఎప్పటి నుంచో చిట్లి ఉంటుందన్నాడు. వేడిగా ఉన్నన్నాళ్లు ఎలాగో అంటుకుంది. మూడు రోజులు చల్లబడేసరికి మొండికేసింది. ఏటా సర్వీసింగ్ చేయిస్తే దొరికిపోయేది.

ఎలక్ట్రోడ్లు, నాజిల్, ఫిల్టర్ మార్చాడు. పాత కంట్రోల్ తీసేసి కొత్తది పెట్టాడు. కొత్తది ముందు గాలి ఊదుతుంది, 15 సెకన్లలో తేల్చుకుంటుంది, వరసగా మూడుసార్లు లాకౌట్ అయితే నాలాంటివాడు ఎన్నిసార్లు నొక్కినా వినదు.

నాన్న అంతసేపూ పక్కన నిలబడే ఉన్నారు. ఆయన ఇంగ్లిషు కంట్రోల్ రూం ఇంగ్లిషు. "ఫ్లేమ్ స్కానర్?" అని అడిగారు. టెక్నీషియన్ నవ్వి క్యాడ్ సెల్ తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. నాన్న దాన్ని వెలుతురుకు తిప్పి చూసి "ఇంతేనా? ఇంత చిన్న కన్నా?" అని నాతో అన్నారు. తర్వాత ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. పీఎస్ఐ, డ్రాఫ్ట్, స్మోక్, ట్రిప్. నేను అనువదించాల్సిన అవసరమే రాలేదు. వెళ్లేముందు ఆ మనిషి మొదటిసారి వెలిగించేటప్పుడు నాన్నకు చూసే రంధ్రం దగ్గర చోటిచ్చాడు. మంట నారింజ పసుపులో, పొగ లేకుండా నిలబడింది. నాన్న తల ఊపారు.

ఆ ఏడాది ఆగస్టు 5న పాల్వంచలో కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదిని పేల్చి కూల్చేశారు. 1966 నుంచి నడిచి, 720 మెగావాట్లు ఇచ్చి, 2020లో మూతబడిన స్టేషన్ అది. ఆ వీడియో నాన్న ఫోనులో ఉంది. అమెరికా వచ్చాక కూడా ఒంటరిగా కూర్చుని చూసుకోవడం నేను గమనించాను. ఏమీ అనేవారు కాదు. ఇక్కడికి వచ్చిన నెలన్నరలో ఆయనకు మేం అప్పగించిన పనల్లా మనవడిని బస్సు ఎక్కించడమే. ఆ శనివారం రాత్రి మాత్రం భోజనాల దగ్గర పిల్లలకు పర్జ్ అంటే ఏమిటో స్టీలు గ్లాసు, స్ట్రా పెట్టి చూపించారు.

మీ ఇంట్లో ఉంటే

ఆయిల్ హీటింగ్ మా వైపు తక్కువే. అమెరికాలో ఆ ఇళ్లలో ఎక్కువ భాగం ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నాయి. న్యూజెర్సీ, కనెక్టికట్, మసాచుసెట్స్‌లో పాత ఇళ్లు కొంటున్న, అద్దెకుంటున్న మనవాళ్లు చాలామంది. వాళ్ల కోసం నాన్న చెప్పినవీ టెక్నీషియన్ చెప్పినవీ కలిపి రాస్తున్నాను.

ఫర్నేస్ ఆగితే ముందు ట్యాంకులో నూనె ఉందా, థర్మోస్టాట్ సరిగ్గా ఉందా, ఎర్ర స్విచ్ ఎవరన్నా పొరపాటున ఆపారా, బ్రేకరు పడిందా చూడండి. అన్నీ బాగుంటే రీసెట్ ఒక్కసారి నొక్కండి. వెలగకపోతే రెండోసారి వద్దు. స్విచ్ ఆపి ఫోన్ చెయ్యండి. నూనె పూర్తిగా అయిపోయిందంటే పంపులోకి గాలి చేరుతుంది. నూనె పోయించినా ఆ గాలి తీసేదాకా మంట రాకపోవచ్చు. పొగ వాసన, నల్ల మసి, మొదలయ్యేటప్పుడు ధడ్ మనే శబ్దం వస్తే చలికాలం గడిచేదాకా ఆగొద్దు. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, బ్యాటరీ చూస్తుండండి. అలారం మోగితే కిటికీలు తెరిచే పని పెట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి 911కి చెప్పండి. ఇంటికి వచ్చిన అమ్మానాన్నలకు, అత్తమామలకు ఎర్ర స్విచ్ ఎక్కడుందో మొదటి రోజే చూపించండి.

మేం ఈ ఫర్నేస్‌ను ఎన్నాళ్లు ఉంచుతామో తెలియదు. హీట్ పంపు కొటేషన్లు తెప్పించాం. నాన్న మార్చిలో తిరిగి వెళ్లిపోయారు. చలి మొదలయ్యాక ఆదివారం ఫోన్లో పిల్లల చదువు, నా ఆరోగ్యం అయ్యాక ఇప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతున్నారు.

"సర్వీసింగ్ చేయించావా?"

చేయించాను నాన్నా. సెప్టెంబరులోనే.